తలకు దెబ్బ తగిలి ఇంటికొచ్చిన భర్తతో మళ్లీ కాపురం ఎలా?

ముందు మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు చెబుతాను. మీ ఆయనకు ముప్ఫై ఎనిమిదేళ్లు. ఏడు నెలల కింద ఎదుటి బండి గుద్ది బైకు మీంచి పడితే తలకు గట్టి దెబ్బ తగిలింది. పుర్రె ఎముక తీసి ఆపరేషన్ చేశారు, తర్వాత ఆ ఎముకను మళ్లీ అమర్చారు. ఇప్పుడు నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లంతా "దేవుడి దయ, పూర్తిగా కోలుకున్నాడు" అంటున్నారు. ఇంట్లో మాత్రం పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి గుర్తుండదు, చెప్పకపోతే స్నానానికి కూడా లేవరు, చెబితే అరుస్తారు. అత్తగారు అది బద్ధకం అంటున్నారు. మీరు అడిగినవి మూడు: ఆయన మళ్లీ మునుపటి మనిషి అవుతారా? నేను ఈయనకు భార్యనా, ఆయానా? వచ్చే నెల తమ్ముడి పెళ్లికి నాలుగు రోజులు పుట్టింటికి వెళ్లొచ్చా?

నేను విశాఖలో ఆక్యుపేషనల్ థెరపిస్టుని. తలకు దెబ్బ తగిలినవాళ్లు స్నానం, వంట, బజారు పని, డబ్బు లెక్క మళ్లీ సొంతంగా చేసుకునేలా తర్ఫీదు ఇవ్వడం మా పని. చాలా ఏళ్లుగా ఇలాంటి జంటలతోనే నా రోజు గడుస్తోంది.

మీ ఆయన ఇంకా బాగుపడతారు. అచ్చం పాత మనిషి అవుతారని మాత్రం నేను మాట ఇవ్వలేను. ఇంత పెద్ద దెబ్బ తర్వాత మొదటి ఆరు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. రెండేళ్లు దాటాక కొత్త పని నేర్చుకున్నవాళ్లు నా దగ్గర ఉన్నారు.

ఇక రెండో ప్రశ్న. ఇప్పుడు మీ ఇంట్లో గుర్తుచేసేది, మందులు ఇచ్చేది, స్నానం చేయించేది, కాపలా కాసేది, చివరికి తిట్లు తినేది అన్నీ మీరే. అందులో గుర్తుచేసే పని, కాపలా కాసే పని మీ చేతిలోంచి తీసేసి గోడకు, ఫోనుకు, ఇంట్లో మిగతావాళ్లకు అప్పగించాలి. పొద్దుట్నుంచి రాత్రిదాకా మీరు ఆయనకు పనులు చెబుతూ ఉంటే ఆలుమగలుగా ఉండడానికి చోటు మిగలదు. నేను కింద రాసేదంతా ఎక్కువగా దీని గురించే.

మీ అత్తగారి మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇంట్లో సగం గొడవ అక్కడే పుడుతుంది. అది బద్ధకం కాదు. నుదుటి వెనక ఉండే మెదడు భాగం మూడు నాలుగు పనులు చేస్తుంది: పనికి పూనుకోవడం, ఒక పని తర్వాత ఇంకోటి వరసలో పెట్టుకోవడం, కోపాన్ని ఆపుకోవడం, తన తప్పు తాను గమనించుకోవడం. బండి మీంచి పడినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది ఈ భాగమే, దాంతోపాటు కణతల వెనక జ్ఞాపకం ఉండే భాగం. స్నానం చేయాలని ఆయనకు తెలుసు. అడిగితే "చేస్తాలే" అంటారు కూడా. కానీ మంచం మీంచి లేచి, తువ్వాలు తీసుకుని, బాత్‌రూమ్ దాకా వెళ్లడాన్ని మొదలుపెట్టే శక్తి దెబ్బతింది. బయటివాళ్లకు కాళ్లూ చేతులూ బాగానే కనిపిస్తాయి కాబట్టి కావాలని చేస్తున్నట్టు ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇది మాటలతో చెబితే ఎక్కదు. నేనైతే వాళ్లను థెరపీకి వెంట రమ్మంటాను. వాళ్ల ముందే ఆయనకు కాగితం, పెన్ను ఇచ్చి "రేపు పొద్దున బ్యాంకుకు, మందుల షాపుకు, కూరగాయలకు వెళ్లాలి. బ్యాంకు పదింటికి తెరుస్తారు. ఏది ముందు, ఏది తర్వాత రాయండి" అంటాను. డిగ్రీ చదివిన మనిషి పది నిమిషాలు కాగితం వైపు చూస్తూ కూర్చుంటాడు. పక్కనున్న తల్లికి అప్పుడు అర్థమవుతుంది. మీరు చికిత్స చేయించే చోట థెరపిస్టు ఉంటే మీ అత్తగారిని ఒకసారి తీసుకెళ్లి ఇలాంటిదే చేయించమని అడగండి.

ఇంకో మాట. "బయటివాళ్లతో నవ్వుతూ మాట్లాడతారు, నా మీదే అరుస్తారు" అని రాశారు. దాన్ని ప్రేమ తగ్గడంగా తీసుకోకండి. చుట్టాలు వచ్చిన పావుగంటసేపు ఆయన కష్టపడి నిలదొక్కుకుంటారు. వాళ్లు వెళ్లాక ఓపిక అయిపోతుంది. అలసట ఈ జబ్బులో పెద్ద భాగం, అది ఒళ్లు నొప్పుల్లాంటి అలసట కాదు. మాటలు వినడం, మొహాలు గుర్తుపట్టడం, జవాబు వెతుక్కోవడం ఇవన్నీ మనకు తెలియకుండా జరిగిపోతాయి, ఆయనకు మాత్రం ఒక్కోటీ ఒక్కో పని. సాయంత్రం ఆరింటికి టీవీ, కుక్కరు, పిల్లల హోంవర్కు, మీ ప్రశ్న ఒకేసారి చెవిలో పడితే అరుపు తప్ప ఇంకేం రాదు.

కాబట్టి కోపం తగ్గించడానికి నేను ముందు చూసేది గడియారం, చప్పుడు. ముఖ్యమైన మాటలు, డబ్బు సంగతులు, డాక్టరు దగ్గరికి వెళ్లే సంగతి పొద్దున పదిలోపు మాట్లాడండి. మధ్యాహ్నం భోజనం తర్వాత గంటసేపు చీకటి గదిలో పడుకోనివ్వండి, ఫోను లేకుండా. సాయంత్రం టీవీ ఆపండి. "గుర్తుందా? పొద్దున చెప్పాను కదా?" అనే ప్రశ్న పూర్తిగా మానేయండి. అది ఆయనకు రోజంతా పరీక్ష పెట్టినట్టే అవుతుంది. చెప్పాల్సింది మళ్లీ మొదటిసారి చెప్పినట్టే చెప్పండి.

అరుపు మొదలయ్యాక న్యాయం చెప్పి ప్రయోజనం లేదు. మాట ఆపి, "మళ్లీ వస్తాను" అని చెప్పి, గది మారండి. అరగంట తర్వాత వచ్చి వేరే విషయం ఎత్తుకోండి. కానీ చెయ్యి చేసుకోవడం, వస్తువులు విసరడం ఓర్చుకోవాల్సినవి కావు. జబ్బు వల్ల జరిగినా మీకు తగిలే దెబ్బ దెబ్బే. అలాంటి రోజుకు ముందే ఏర్పాటు ఉండాలి: ఎవరింటికి వెళ్తారు, పిల్లలను ఎవరు తీసుకెళ్తారు, ఎవరికి ఫోన్ చేస్తారు. అత్యవసరమైతే 112, మహిళల హెల్ప్‌లైన్ 181. తర్వాత మీ న్యూరో డాక్టరుకు తప్పకుండా చెప్పండి, సిగ్గుపడి దాచకండి.

డాక్టరుతో మాట్లాడేటప్పుడు మందుల సంగతి కూడా అడగండి. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటమ్ కొందరిలో చిరాకును, కోపాన్ని పెంచుతుంది. ఆ మందు వాడుతుంటే "కోపం ఎప్పట్నుంచి పెరిగింది" అని తేదీలతో చెబితే మార్చాలా, మోతాదు తగ్గించాలా అని డాక్టరు చూస్తారు. మీరు సొంతంగా ఆపకండి, ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మద్యం అసలు వద్దు. "కొంచెమే కదా" అనే స్నేహితులకు కూడా మీ ఆయన ముందు కాకుండా విడిగా చెప్పండి.

ఇప్పుడు గోడ సంగతి. మంచం మీంచి లేవగానే కనిపించే చోట ఒక తెల్ల బోర్డు పెట్టండి. పైన ఈరోజు తేదీ, వారం. కింద ఐదారు పనులు, అంతకు మించి వద్దు: బ్రష్, స్నానం, టిఫిను, మాత్రలు, నడక. అయిపోయిన పనికి ఆయనే టిక్కు పెట్టాలి. ఫోనులో అలారం పెట్టి దానికి పని పేరు రాయండి. ఆయన గొంతుతోనే "స్నానానికి లేవాలి" అని రికార్డు చేసి అలారంగా పెడితే ఇంకా మంచిది. భార్య చెబితే వచ్చే కోపం తన గొంతు వింటే రాదు. అలారం మోగే పది నిమిషాల ముందు బకెట్టు, తువ్వాలు, బట్టలు సిద్ధంగా ఉండాలి. మాత్రలకు వారం రోజుల గళ్ల డబ్బా కొనండి, వారానికోసారి నింపే పని మరిదికి ఇవ్వండి. మొదటి రెండు మూడు వారాలు బోర్డు వైపు చూడమని ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తుంది. ఆ ఎవరో మీరు కాకుండా చూసుకోండి. పదేళ్ల అబ్బాయి ఉన్నాడని రాశారు. "నాన్నా, బోర్డు" అని ఒక్క మాట అనడం వాడికి ఇష్టంగానే ఉంటుంది. కానీ నాన్నను కాపలా కాసే పని మాత్రం వాడి నెత్తిన పెట్టకండి. నాన్న తలకు లోపల దెబ్బ తగిలింది, అందుకే అరుస్తున్నాడు, నీ తప్పు కాదు అని వాడికి విడమరిచి చెప్పండి. పిల్లలు ఇలాంటివి తమ తప్పుగానే అనుకుంటారు.

రోజూ ఒకేలా ఉండే దినచర్య ఎంత పని చేస్తుందో చెప్పడానికి మా క్లాసుల్లో పాత కేసు ఒకటి చెబుతాం. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో రైలు మార్గం పనిలో పేలుడు జరిగి, ఫినియాస్ గేజ్ అనే ఫోర్‌మన్ తలలోంచి మూడున్నర అడుగుల ఇనుప కడ్డీ దూసుకుపోయింది. బతికాడు కానీ ఇతను పాత గేజ్ కాడని స్నేహితులు అన్నారు. అందరూ కథను అక్కడితో ఆపేస్తారు. ఆ తర్వాత ఆయన చిలీ దేశం వెళ్లి కొన్నేళ్లపాటు గుర్రపు బళ్ల సర్వీసులో బండి తోలాడు. గుర్రాలు కట్టడం, ప్రయాణికులను ఎక్కించుకోవడం, అదే దారి, అదే వేళ. రోజూ ఒకే వరసలో నడిచిన ఆ పనే ఆయన్ని మళ్లీ మనుషుల్లో పెట్టిందని ఈ కేసును లోతుగా చూసిన పరిశోధకులు కొందరు అంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో నేను చూసేది కూడా అదే.

ఒక జంట గురించి చెబుతాను, వివరాలు కొంచెం మార్చాను. ఇక్కడ దెబ్బ తగిలింది భార్యకు. బండి వెనక కూర్చుని వెళ్తుంటే చీర కొంగు చక్రంలో చిక్కుకుని పడిపోయారు. భర్త స్కూలు మాస్టారు, చాలా మంచి మనిషి. వంట, బట్టలు, ఆమె జడ కూడా ఆయనే వేసేవారు. ఆమెను స్టవ్ దగ్గరికి రానిచ్చేవారు కాదు, ఎందుకంటే ఒకసారి పాలు పొంగి స్టవ్ ఆరిపోయి గ్యాస్ వాసన వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. ఆయన భయంలో తప్పేం లేదు. కానీ ఆమె నాతో అన్నది ఇది: "మేడమ్, ఆ ఇంట్లో నేను చుట్టంలా ఉన్నాను."

మేం ఉప్మాతో మొదలుపెట్టాం. ఆమెకు ఉప్మా చేయడం తెలుసు, వరస తప్పుతోంది. నూనెలో ఆవాలు వేశాక కరివేపాకు కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, అక్కడ పెరుగు గిన్నె చూసి దాన్ని బయట పెట్టి, వెనక్కి వచ్చేసరికి పోపు మాడిపోయేది. అందుకని స్టవ్ వెలిగించే ముందే ఒక పళ్లెంలో ఎడమ నుంచి కుడికి అన్నీ సర్దుకోవాలని పెట్టాం: నూనె, ఆవాలు, శనగపప్పు, మినప్పప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, కరివేపాకు, కొలిచిన నీళ్లు, ఉప్పు, రవ్వ. ఎడమ చివర ఉన్నది వేశాక ఆ గిన్నె సింకులోకి వెళ్తుంది. పళ్లెం ఖాళీ అయితే వంట అయినట్టే. పప్పు పెట్టినప్పుడు కుక్కరు విజిళ్లు లెక్క తప్పుతున్నాయని పక్కన మూడు చింతగింజలు పెట్టుకున్నారు. విజిల్ వచ్చినప్పుడల్లా ఒకటి డబ్బాలో వేస్తారు. మాస్టారికి నేను ఇచ్చిన పని అన్నిటికంటే కష్టమైంది: వంటింటి గుమ్మంలో నిలబడాలి, మంట ప్రమాదం అయితే తప్ప నోరు విప్పకూడదు. మొదట్లో ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు, సాయం చేయకుండా ఉండలేక. నెలలు పట్టింది. ఇప్పుడు పొద్దుటి టిఫిను ఆమెదే. సాయంత్రం అలసిపోతారు కాబట్టి రాత్రి వంట ఆయనది. ఉప్పు ఎక్కువైందని ఆయన సణిగితే ఆమె ఎదురు జవాబు చెబుతున్నారు. ఆ మాట చెబుతూ మాస్టారి మొహంలో వచ్చిన సంతోషం నేను చూశాను.

మీ ఆయన విషయంలోనూ అలాంటి ఒక్క పని వెతకండి. ఆయనకు ఇష్టమైనది, ఇంటికి నిజంగా అవసరమైనది. ఎరువుల షాపు నడిపేవారని రాశారు. ఒకేసారి షాపుకు పంపకండి. గిరాకీతో మాట్లాడుతూ బిల్లు వేయడం ఇప్పట్లో కుదరదు. షాపు తెరవగానే గంటసేపు సరుకు సర్దడం, బస్తాలు లెక్కపెట్టి పుస్తకంలో రాయడం, అంతే. గల్లాపెట్టె మరిది చూసుకోవాలి.

డబ్బు దగ్గర జాగ్రత్త. మంచీ చెడూ తూచే శక్తి తగ్గిన మనిషి చేతిలో ఫోను ఉంటే బెట్టింగ్ యాప్‌లు, లోన్ యాప్‌లు, చేబదులు అడిగే స్నేహితులు అందరూ వస్తారు. డబ్బు అసలు ఇవ్వకపోతే అవమానంగా ఉంటుంది. ఆయన పేరున తక్కువ డబ్బుండే వేరే ఖాతా ఒకటి ఉంచి, ఫోన్‌పే దానికే కలపండి. పెద్ద ఖాతా ఇద్దరూ సంతకం పెడితేనే నడిచేలా మార్చుకోండి.

బండి తాళాల కోసం రోజూ గొడవ అవుతోందని రాశారు. "నాకేం లేదు" అని ఆయన అంటున్నది అబద్ధం కాదు. తన లోపం తనకు కనిపించకపోవడం కూడా ఆ దెబ్బలో భాగమే, వాదించి ఒప్పించలేం. "డాక్టరుగారు రాసిచ్చిన రోజు నడుపుదువు" అని ఒకే మాట అందరూ అనండి, డాక్టరు చేత ఆ మాట చీటీ మీద రాయించి బోర్డు పక్కన అతికించండి, తాళాలు ఇంట్లో ఉంచకండి. లైసెన్సుకు ఇచ్చే ఫారం 1లో మూర్ఛ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం, తల తిరగడం ఉన్నాయా అని అడుగుతారు. ఇది మీ పంతం కాదని ఆ ఫారం చూపించి చెప్పొచ్చు.

మీరు చివర ఒక్క వాక్యం రాసి వదిలేశారు: "పొద్దున స్నానం చేయించిన చేతులతో రాత్రి భార్యగా ఉండలేకపోతున్నాను." నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఇదే చెబుతారు, తలుపు వేశాక, గొంతు తగ్గించి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, మీ మనసు గట్టిపడిపోయిందని అర్థమూ కాదు. ఒకే మనిషికి తల్లిలా ఉంటూ భార్యగా ఉండడం ఎవరికీ వీలు కాదు. అందుకే స్నానం పని ముందు మీ చేతిలోంచి తీసేయమంటున్నాను. ఆయన చాలావరకు సొంతంగా చేసుకోగలరు. జారకుండా రబ్బరు చాప, గోడకు పట్టుకునే కడ్డీ, కూర్చోవడానికి ప్లాస్టిక్ స్టూలు చాలు. మొదట్లో తోడు కావాలంటే మరిది ఉండాలి.

కోరిక విషయంలో రెండూ చూస్తాం: కొందరికి పూర్తిగా పోతుంది, కొందరికి వేళాపాళా లేకుండా ఉంటుంది. తగ్గిపోయినవాళ్లలో కొన్నిసార్లు కారణం మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. తలకు దెబ్బ తగిలినప్పుడు అదీ దెబ్బతిని హార్మోన్లు పడిపోతాయి, విడవని అలసట కూడా దానివల్లే ఉండొచ్చు. థైరాయిడ్, కార్టిసోల్, టెస్టోస్టెరాన్ రక్తపరీక్షలు చేయించాలా అని డాక్టరును అడగండి. ఎక్కువైనవాళ్ల దగ్గర, మీకు ఇష్టం లేనప్పుడు వద్దని చెప్పే హక్కు మీకుంది. ఆయనకు దెబ్బ తగిలిందని ఆ హక్కు పోదు. కొన్నాళ్లు దాని జోలికి పోకుండా, రోజూ పొద్దున అరగంట ఇద్దరూ కూర్చుని కాఫీ తాగండి. ఆ అరగంటలో మందులు, స్నానం, డాక్టరు మాట రాకూడదు. పాత ఫొటోలు చూడండి, షాపు ముచ్చట్లు చెప్పించుకోండి. పెళ్లినాటి సంగతులు నిన్నటికంటే బాగా గుర్తుంటాయి ఆయనకు.

కాగితాల పని వేగంగా చెబుతాను, కానీ వాయిదా వేయకండి. ఎదుటి బండి గుద్దిందని రాశారు కాబట్టి మోటారు ప్రమాద పరిహారం కేసు వేయాలి. 2019 చట్ట సవరణలో ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు అనే గడువు పెట్టారు, మీకు అది దాటింది. అయినా వదిలేయకుండా ఈ వారమే లాయరును కలవండి. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం ఉంది, జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థను అడగండి. వికలాంగ ధ్రువపత్రానికి సదరం శిబిరంలో స్లాటు తీసుకోండి, 40 శాతం, ఆపైన వస్తే పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. ఇది చదివే ప్రభుత్వోద్యోగుల భార్యలకు ఒక మాట: ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదని, అదే జీతంతో వేరే పోస్టుకు మార్చాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. ఎవరైనా రాజీనామా రాయమంటే రాయకండి.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినవి: పెరుగుతూ పోయే తలనొప్పి, వాంతులు, లేపినా లేవని మగత, ఫిట్స్. ఇంతవరకు బాగా నడిచిన మనిషి కాళ్లు ఈడుస్తూ నడవడం, మూత్రం తెలియకుండా పోవడం మొదలైనా ఆలస్యం చేయకండి. మెదడులో నీరు చేరితే అలా అవుతుంది, దానికి చికిత్స ఉంది.

మీ సంగతి. నిద్ర పట్టడం లేదని, ఎందుకో తెలియకుండా ఏడుపు వస్తోందని రాశారు. ఎదురుగా మనిషి ఉన్నా మనిషిని పోగొట్టుకున్న దుఃఖం అది. దానికి పరామర్శకు ఎవరూ రారు, "బతికాడు, సంతోషించు" అంటారు. మీరు ఆ పాత మనిషి కోసం ఏడవొచ్చు, ఈ మనిషి మీద ప్రేమ దానివల్ల తగ్గదు. 14416కి ఫోన్ చేయండి, అది మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ లైను, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. రెండు మూడు వారాలైనా నిద్ర సరిపడకపోతే మీరూ డాక్టరును కలవాలి.

ఇక పెళ్లి. వెళ్లండి. ఆయన్ని నాలుగు రోజులూ తీసుకెళ్లొద్దు, బాజాలు, మైకులు, రాత్రి మెలకువ ఆయనకు పడవు. ముహూర్తం రోజు మరిది తీసుకొచ్చి, అక్షింతలు వేశాక గంటలో భోజనం పెట్టి, వెనక్కి తీసుకెళ్లాలి. మండపానికి దగ్గర్లో ఫ్యాను ఉన్న నిశ్శబ్దమైన గది ఒకటి ముందే చూసుకోండి. మీరు వెళ్లే వారం ముందే ఒకరోజు పొద్దుట్నుంచి రాత్రిదాకా ఇల్లు వదిలి, అలారాలు, మరిది, అత్తగారు కలిసి ఎలా నెట్టుకొస్తారో చూడండి. తప్పిపోయినవి సరిచేయండి. మీరు తిరిగొచ్చే తేదీ బోర్డు మీద పెద్దక్షరాల్లో రాసి వెళ్లండి. రెండో రోజు సాయంత్రం ఆయన ఫోన్ చేసి "ఎక్కడున్నావ్, ఎప్పుడొస్తావ్" అని అరవొచ్చు. ఒక్కసారి తేదీ చెప్పి, ఫోను మరిదికి ఇమ్మనండి. అతను బోర్డు చూపిస్తాడు. దానికోసం మీరు బస్సెక్కి వెనక్కి రానక్కర్లేదు.